16 గేజ్ తుపాకీ: తూకం వేశాకే కొనండి

ఫెజెంట్ (పొలాల్లో, గడ్డిలో ఉండే అడవికోడి లాంటి పక్షి) వేటకి కొత్తగా దిగేవాళ్ళు నన్ను అడిగే మొదటి ప్రశ్న 12 గేజ్ కొనాలా, 20 గేజ్ కొనాలా అని. రెండూ వద్దు, 16 కొనండి అంటాను. ఆ వెంటనే ఇంకో మాట కూడా చెప్తాను: తూకం వేయకుండా మాత్రం కొనకండి. నేను మిన్నెసోటాలో ఉంటాను. పదకొండు సీజన్లుగా ఫెజెంట్లు, గ్రౌస్‌లు (అడవి పొదల్లో ఉండే కోడిజాతి పక్షులు), బాతులు వేటాడుతున్నాను, అందులో తొమ్మిది సీజన్లు 16తోనే. ఇప్పుడు నా దగ్గర మూడు 16లు ఉన్నాయి. ఇంకో మూడు తెలిసినవాళ్ళవి తీసుకుని పొలాల్లో, చెరువుల దగ్గర తిప్పి చూశాను. వాటిలో నాకు నచ్చింది, నచ్చనిది అన్నీ రాస్తున్నాను, ఎందుకంటే ఈ గేజ్ గురించి తెలుగులో రాసినవాళ్ళు నాకు ఎక్కడా కనపడలేదు.

గేజ్ అంటే ఏమిటో ముందు చెప్పేస్తాను. ఒక పౌండు సీసం తీసుకుని 16 సమానమైన గుండ్లు పోస్తే, ఆ గుండు ఏ గొట్టంలో సరిగ్గా పడుతుందో అది 16 గేజ్. అందుకే అంకె పెరిగేకొద్దీ గొట్టం సన్నబడుతుంది. 12 గేజ్ గొట్టం లోపలి వెడల్పు 0.729 అంగుళం, 20ది 0.615, మన 16ది మధ్యలో 0.66 పైచిలుకు. పౌండుకి 16 ఔన్సులు కాబట్టి 16 గేజ్ గుండు సరిగ్గా ఒక ఔన్సు తూగుతుంది. ఈ తుపాకీకి బాగా అచ్చొచ్చిన లోడు, అంటే ఒక షెల్ (తూటా)లో పోసే పెల్లెట్ల (చిన్న గుండ్ల) బరువు, కూడా ఒక ఔన్సే. మోయడానికి 20లా ఉంటుంది, కొట్టడం 12లా కొడుతుంది అని ఇక్కడి పాత వేటగాళ్ళు అంటుంటారు. ఆ మాటలో మొదటి సగం నిజం కావాలంటే ఒక షరతు ఉంది: తుపాకీ ఒళ్ళు, అంటే రిసీవర్, 16కి తగ్గట్టు చిన్నదిగా చేసి ఉండాలి. 12 గేజ్ రిసీవర్‌కే 16 గొట్టం బిగించి అమ్మితే మీరు రోజంతా మోసేది 12ని, పేల్చేది మాత్రం 16ని. ఈ ఒక్క సంగతి తెలియక 16 కొని ఏడాది తిరక్కుండా అమ్మేసుకున్నవాళ్ళని ఇద్దరిని చూశాను.

ఇండియా వెళ్ళేటప్పుడు సూట్‌కేసులు తూచుకునే హుక్కు తూకం ఒకటి మన అందరి ఇళ్ళల్లో ఉంటుంది కదా. ఒకసారి అది జేబులో వేసుకుని గన్ షోకి వెళ్ళాను. ప్రతి బల్ల దగ్గరా అడిగి, ఛాంబర్, అంటే గొట్టం మొదట్లో షెల్ కూర్చునే చోటు, తెరిపించి ఖాళీగా ఉందని చూసుకుని, తుపాకీని బట్టపట్టీలో వేసి హుక్కుకి తగిలించాను. ఒక పాత రెమింగ్టన్ 870 వింగ్‌మాస్టర్, 16 గేజ్, 7 పౌండ్లు చూపించింది. పక్క బల్ల మీదున్న ఇథాకా మోడల్ 37, అదీ 16 గేజే, 6 పౌండ్ల 2 ఔన్సులు. 870 గట్టి తుపాకీ, 1950 నుంచి వస్తున్న మోడల్, దాని పనితనానికి నేను వంక పెట్టను. కానీ దాని 16ని 12 గేజ్ ఒంటి మీదే కట్టారు. ముక్కాలు పౌండు పైన తేడా అంటే వినడానికి ఏమంత కాదు. అక్టోబరులో సౌత్ డకోటాలో నడుము దాకా పెరిగిన గడ్డిలో కుక్క వెనకాల ఐదు గంటలు నడిచాక, సరిగ్గా అలసిపోయి చేతులు కిందికి జారినప్పుడే ఫెజెంట్ పుంజు కాళ్ళ దగ్గర్నించి లేస్తుంది. అప్పుడు భుజానికి వచ్చేది తేలిక తుపాకీయే. బరువైనది అర సెకను ఆలస్యంగా వస్తుంది, ఆ అర సెకనులో పక్షి మొక్కజొన్న దాటేసి ఉంటుంది.

ఆ రోజు తూచిన ఇథాకా 37నే కొన్నాను, 525 డాలర్లకి. 1950ల నాటిది, వెనక చెక్క మీద గీతలున్నాయి, గొట్టం లోపల మాత్రం అద్దంలా ఉంది. నాకు ప్రాణం ఈ తుపాకీ. 37 డిజైన్ మూలాలు జాన్ బ్రౌనింగ్‌వే, రెమింగ్టన్ మోడల్ 17గా ముందు వచ్చింది, ఆ పేటెంట్లు తీరేదాకా ఆగి ఇథాకా కంపెనీ 1937లో తన పేరుతో తెచ్చింది. దీనికి పక్కన కన్నం ఉండదు. షెల్ లోపలికి వెళ్ళేదీ, ఖాళీ డొప్ప బయటికి పడేదీ కింద ఉన్న ఒకే కన్నం నుంచి. దానివల్ల మూడు లాభాలు. ఎడమచేతివాటం వాళ్ళకి మొహం ముందు నుంచి డొప్ప ఎగిరిపోదు. వాన, మంచు, గడ్డిగింజలు పైనుంచి లోపలికి పడవు. డొప్పలు నేరుగా మీ కాళ్ళ దగ్గరే పడతాయి, వంగి ఏరుకోవడమే. ఈ మూడోది చిన్న విషయం అనుకోకండి. 16 గేజ్ డొప్పలు ఎక్కడ పడితే అక్కడ దొరకవు, ఇంట్లో షెల్స్ మళ్ళీ నింపుకునేవాళ్ళకి ఒక్కో డొప్పా విలువైనదే. పంప్, అంటే చేత్తో జరిపే ముందుచెక్క, ముందుకీ వెనక్కీ జరిపితే నూనె రాసిన తలుపు గడియలా నడుస్తుంది. ఇప్పటికీ ఒహాయోలోని అప్పర్ శాండస్కీలో ఈ మోడల్ కొత్తవి తయారవుతున్నాయి, 16లో కూడా, కాకపోతే కొత్తదానికి పెట్టే డబ్బుతో పాతవి రెండు వస్తాయి.

దీంట్లో నాకు నచ్చనివి రెండు. పాత వాటికి చోక్, అంటే పెల్లెట్లు త్వరగా చెదరకుండా గొట్టం చివర ఉండే బిగువు, మార్చుకునే వీలు లేదు, ఫ్యాక్టరీలో ఎంత బిగించారో అంతే. నాది మాడిఫైడ్, అంటే మధ్యరకం బిగువు, ఫెజెంట్లకి సరిపోయింది, కానీ పొదల్లో పదిహేను గజాల్లో లేచే గ్రౌస్‌కి బిగువు ఎక్కువ. రెండోది, తేలిక తుపాకీ కాబట్టి 1⅛ ఔన్సు లోడు వేస్తే భుజాన్ని గట్టిగానే గుద్దుతుంది. నేను ఒక ఔన్సు దాటను.

మా వీధి చివరి పెద్దాయన దగ్గర వాళ్ళ నాన్న వాడిన వించెస్టర్ మోడల్ 12 ఉంది, 16 గేజ్. ఆయన మోకాళ్ళ నొప్పులతో నడవలేక రెండు సీజన్లు నన్ను వాడుకోమన్నారు. 1912లో మొదట 20 గేజ్‌లో వచ్చిన మోడల్ ఇది, ఆ తర్వాతే 12, 16 వచ్చాయి. 16ని 20తో సమానమైన చిన్న ఒంటి మీదే కట్టారు కాబట్టి మన తూకం పరీక్షలో హాయిగా నెగ్గుతుంది. దాదాపు 20 లక్షలు తయారయ్యాయి. గట్టి ఉక్కు దిమ్మెల్ని చెక్కి చేసిన భాగాలు కావడంతో ఖర్చు పెరిగిపోయి 1964లో మామూలు తయారీ ఆపేశారు. ఆ చెక్కడం చేతిలో పట్టుకుంటే తెలుస్తుంది, ఎక్కడా కదలిక లేదు, కటకట లేదు. ఇథాకా కంటే ముందువైపు కొంచెం బరువు, అందుకని అడ్డంగా పోయే పక్షి వెంట గొట్టం ఊపు ఆగకుండా సాగుతుంది. అడ్డంగా పోయేవి నేను దీంతో కొట్టినంత బాగా ఇంక దేంతోనూ కొట్టలేదు. ఒక జాగ్రత్త మాత్రం మనసులో పెట్టుకోండి. ట్రిగ్గర్ నొక్కి పట్టుకుని పంప్ కొడితే, ముందుకి మూసుకోగానే తుపాకీ మళ్ళీ పేలుతుంది, వేలు వదలాల్సిన పని లేదు. దాని నిర్మాణమే అంత. కొత్తవాళ్ళ చేతికి ఇచ్చే ముందు ఖాళీ తుపాకీతో ఇది చూపించి తీరాలి.

ఇక 16 అనగానే అందరి నోటా వచ్చే పేరు బ్రౌనింగ్ స్వీట్ సిక్స్‌టీన్. పాతదీ కొత్తదీ పేరొక్కటే, లోపల యంత్రం పూర్తిగా వేరు. పాత ఆటో-5 జాన్ బ్రౌనింగ్ 1900లో పేటెంట్ తీసుకున్న డిజైన్, బెల్జియంలో ఎఫ్ఎన్ ఫ్యాక్టరీ చేసింది. రిసీవర్ వెనక మూపురంలా పొడుచుకొచ్చి ఉంటుంది, దూరం నుంచే గుర్తుపట్టేయొచ్చు. పేల్చగానే గొట్టం, బోల్ట్ (ఛాంబర్‌ని వెనక నుంచి మూసే ముక్క) కలిసి వెనక్కి జరిగి, గొట్టం ముందుకెళ్ళి, ఆ తర్వాత బోల్ట్ వెళ్తుంది. భుజం మీద ఆ రెండు దశల కదలిక విడిగా తెలుస్తుంది, అలవాటయ్యేదాకా కొత్తగా ఉంటుంది. స్వీట్ సిక్స్‌టీన్ అంటే అందులోనే అర పౌండు దాకా తగ్గించి, బంగారు పూత ట్రిగ్గర్ పెట్టిన మోడల్. మా ఆఫీసులో ఒకాయన దగ్గర ఉంటే రెండు వారాంతాలు వాడాను. చాలా అందమైన తుపాకీ.

కొనేవాళ్ళు తప్పక చూసుకోవాల్సింది ముందుచెక్క కింద ఉండే ఫ్రిక్షన్ రింగు. ముందున్న మూత తిప్పి చెక్క లాగితే మ్యాగజైన్ (షెల్స్ నిలవుండే) గొట్టం మీద పెద్ద స్ప్రింగు, దాని పైన ఇత్తడి రంగులో ఒక ముక్క, ఉక్కు రింగు కనిపిస్తాయి. బరువు లోడులకి ఆ రింగు స్ప్రింగుకీ ఇత్తడి ముక్కకీ మధ్య ఉండాలి. తేలిక లోడులకి దాన్ని తీసి స్ప్రింగు కింద రిసీవర్‌కి ఆనించాలి. తేలిక లోడు అమరికలో ఉంచేసి ఏళ్ళ తరబడి బరువు లోడులు పేలిస్తే గొట్టం వచ్చి దెబ్బ మీద దెబ్బ కొట్టి చివరికి చెక్క పగులుతుంది. అందుకే పాతది చూసేటప్పుడు ముందుచెక్క తీయించి, లోపలి వైపు గీతల్లాంటి పగుళ్ళున్నాయేమో వెలుతురులో పట్టి చూడండి. తీసి చూపించను అన్నవాళ్ళ దగ్గర కొనకండి. ఇంకోటి, బెల్జియం గొట్టాల్లో ఉక్కు పెల్లెట్లు వాడొద్దని బ్రౌనింగ్ వాళ్ళే చెప్తారు. జపాన్‌లో చేసిన, ఇన్వెక్టర్ అనే మార్చుకునే చోక్‌లున్న గొట్టం అయితే ఆ ఇబ్బంది లేదు.

కొత్త ఏ5 స్వీట్ సిక్స్‌టీన్ 2016లో వచ్చింది. నేను బాతులకి వాడేది ఇదే. మూపురం అలాగే ఉంచారు కానీ గొట్టం వెనక్కి కదలదు, తుపాకీ వెనక్కి తన్నే ఊపుతోనే బోల్ట్ పని చేస్తుంది. రిసీవర్ అల్యూమినియం మిశ్రమం, 16కి తగ్గట్టు చిన్నది చేశారు. నా హుక్కు తూకంలో 6 పౌండ్లు కూడా రాలేదు. ఒక సెమీ ఆటో, అంటే పేల్చగానే తర్వాతి షెల్ తనే ఎక్కించుకునే తుపాకీ, ఇంత తేలిగ్గా ఉండటం నేను ఇంకెక్కడా చూడలేదు. చోక్‌లు మార్చుకోవచ్చు, ఉక్కు పెల్లెట్లు నిశ్చింతగా వాడొచ్చు. ఖరీదు నాకు పన్నుతో కలిపి 2,000 డాలర్లు దాటింది, అది మాత్రం గుండెల మీద రాయే. ఇంకో మాట, గడ్డకట్టే చలిలో ఇలాంటి ఇనర్షియా తుపాకీల్లో చిక్కటి నూనె వేయకూడదు, బోల్ట్ మందగిస్తుంది. నవంబరులో వెళ్ళే ముందు నేను నూనె అంతా తుడిచేసి పలచటి పొర మాత్రమే వదులుతాను.

జంట గొట్టాల తుపాకీల్లో నా మనసు దోచింది ఫాక్స్ స్టెర్లింగ్‌వర్త్. ఫిలడెల్ఫియాలో ఏ.హెచ్. ఫాక్స్ కంపెనీ చేసిన సాదా రకం, చెక్కుళ్ళు లేవు, మెరుపులు లేవు. వీళ్ళు కూడా 16నీ 20నీ ఒకే సైజు ఒంటి మీద కట్టారు. విస్కాన్సిన్‌లో ఒక మిత్రుడితో గ్రౌస్‌కి వెళ్ళినప్పుడు ఒక పూట ఇచ్చాడు. లేత ఆస్పెన్ చెట్లు వెదురుపొదలా దగ్గరదగ్గరగా ఉంటాయి అక్కడ, గ్రౌస్ లేచిన చప్పుడు వినపడుతుంది కానీ పక్షి కనపడేది రెప్పపాటే. తుపాకీని చూపుడువేలిలా చూపించాలంతే, గురి చూసే టైము ఉండదు. రెండు ట్రిగ్గర్లు, ఒకదానికి బిగువు తక్కువ గొట్టం, ఇంకోదానికి ఎక్కువ. దగ్గర్లో లేస్తే ముందుది, దూరంగా లేస్తే వెనకది. ఆ పూట నేను మూడు సార్లు పేల్చి ఒక గ్రౌస్, ఒక వుడ్‌కాక్ కొట్టాను, ఆ అడవిలో అది నాకు మంచి రోజు. కొందామంటే మంచి కండిషన్‌లో ఉన్న 16కి ఇప్పుడు అడిగే రేట్లు నా చేతికి అందడం లేదు, దాచుకుంటున్నాను.

దాని బదులు తొందరపడి ఒక జర్మన్ జంట గొట్టాల తుపాకీ కొన్నాను. జర్మనీలో 16 చాలా మామూలు గేజ్, రెండో ప్రపంచయుద్ధం తర్వాత అమెరికన్ సైనికులు అక్కడి నుంచి బోలెడన్ని 16లు వెంట తెచ్చుకున్నారు, పాత ఎస్టేట్ అమ్మకాల్లో అవి ఇప్పటికీ తేలుతుంటాయి. నాకు అమ్మిన పాత తుపాకీల షాపాయన, మామూలు 2¾ అంగుళాల షెల్స్ వేసుకోవచ్చు, ఏం పర్వాలేదు అన్నాడు. నమ్మాను. మొదటి రోజు రేంజ్‌లో ఆరు షెల్స్ పేల్చాక భుజం నొప్పి మామూలుగా లేదు. ఖాళీ డొప్పలు చేతిలోకి తీసుకుని చూస్తే మూతి దగ్గర ప్లాస్టిక్ పీచులు పీచులుగా లేచి ఉంది, కొబ్బరిపీచులా. మామూలుగా మూతి మడత శుభ్రంగా పువ్వులా విచ్చుకుని ఉండాలి. టెన్షన్ పట్టుకుని అక్కడితో ఆపేసి, తుపాకీలు బాగుచేసే గన్‌స్మిత్ దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన గొట్టాలు విప్పి, అడుగున తుడిచి, సన్నటి అక్షరాల్లో ఉన్న 16/65 అన్న ముద్ర చూపించాడు. ఛాంబర్ పొడవు 65 మిల్లీమీటర్లు, అంటే సుమారు 2 9/16 అంగుళాలు. ఇప్పటి షెల్ 70 మిల్లీమీటర్లు. చిక్కేమిటంటే మూతి మడిచి ఉన్నప్పుడు పొడవు షెల్ కూడా ఆ పొట్టి ఛాంబర్‌లో చక్కగా పడుతుంది, తుపాకీ మూసుకుంటుంది. పేలినప్పుడు మడత విచ్చుకోవడానికి చోటు చాలక గొట్టం ఇరుకు భాగంలోకి చొచ్చుకుపోతుంది, ఒత్తిడి పెరిగిపోతుంది. షాపుకి తిరిగి తీసుకెళ్తే వెనక్కి తీసుకోం అన్నారు. ఇప్పుడు దానికి పొట్టి షెల్స్, తక్కువ ఒత్తిడివి, విడిగా తెప్పించి వాడుతున్నాను. ముచ్చటైన తుపాకీయే, దాని తిండి దానికి పెడితే ఏ పేచీ పెట్టదు. అమెరికన్ పాత 16లకి కూడా ఇదే సమస్య ఉంది, తొలినాళ్ళ మోడల్ 12లు, యుద్ధానికి ముందు ఆటో-5లు చాలావరకు పొట్టి ఛాంబర్‌వే. అమ్మేవాడి మాట మీద కాదు, గన్‌స్మిత్ ఛాంబర్ గేజ్ పెట్టి కొలిచిన కొలత మీద కొనండి.

షెల్స్ సంగతి దాచిపెట్టి పొగిడితే నేను మోసం చేసినట్టే అవుతుంది. పెద్ద స్పోర్ట్స్ షాపుకి వెళ్తే 12 గేజ్‌కి గోడంతా, 20కి అందులో సగం, 16కి అడుగు అరలో ఊదారంగు షెల్స్ నాలుగు పెట్టెలు. ఉన్న నాలుగూ ఒక్కోసారి మనకి కావాల్సిన సైజు కావు. బాక్సుకి నాలుగైదు డాలర్లు ఎక్కువ కూడా. నేను ఆగస్టులోనే ఏడాదికి సరిపడా కేసు తెప్పించేస్తాను. సెప్టెంబరు చివర్లో వెతకడం మొదలుపెడితే దొరకవు. మూడు గేజ్‌లు ఇంట్లో ఉన్నవాళ్ళు షెల్స్ ఒకే సంచిలో మాత్రం వేయకండి. పసుపురంగు 20 షెల్ పొరపాటున 12 ఛాంబర్‌లో పడితే లోపలికి జారి గొట్టం మొదట్లో ఇరుక్కుంటుంది, దాని వెనకే 12 షెల్ పెట్టి పేలిస్తే గొట్టం పగిలిపోతుంది, చేతివేళ్ళు పోయినవాళ్ళున్నారు. 16ని కూడా దాని జేబులో దాన్నే ఉంచాలి.

ఈ గేజ్ ఇలా వెనకబడిపోవడానికి తుపాకీ తప్పేం లేదు. స్కీట్, అంటే గాల్లోకి విసిరిన మట్టి బిళ్ళల్ని కొట్టే, పోటీలు వచ్చినప్పుడు 12, 20, 28, 410లకి విడి తరగతులు పెట్టారు, 16కి పెట్టలేదు. అది 12తో కలిసి పోటీ పడాలి. పోటీలు లేకపోతే షెల్ కంపెనీలకి అమ్మకాలు లేవు. 1950ల్లో 3 అంగుళాల 20 గేజ్ షెల్ వచ్చి, 16 చేసే పని నేనూ చేస్తానంది. ఆ తర్వాత బాతుల వేటలో సీసం నిషేధం. 1991 నుంచి దేశమంతా నీటిపక్షులకి సీసం వాడకూడదు, చెరువుల అడుగున పడ్డ సీసం తిని బాతులు చచ్చిపోతున్నాయని. అది చాలా మంచి నిర్ణయం, నాకు దాని మీద ఏ ఫిర్యాదూ లేదు. కానీ ఉక్కు తేలిక, సీసం సాంద్రత 11.3 అయితే ఉక్కుది 7.8. అదే దెబ్బ కావాలంటే పెద్ద పెల్లెట్లు కావాలి, పెద్దవి పట్టాలంటే పెద్ద షెల్ కావాలి, 16కి 2¾ మించి లేదు. 15/16 ఔన్సు ఉక్కులో 2 నంబరు పెల్లెట్లు (నంబరు తగ్గేకొద్దీ పెల్లెట్ పెద్దది) 117 వరకే వస్తాయి.

అందుకని 16తో బాతులు కొట్టలేమా అంటే, బ్రహ్మాండంగా కొట్టొచ్చు, బిస్మత్ అనే లోహపు పెల్లెట్లు వాడితే. బిస్మత్ సాంద్రత 9.7 దగ్గర, సీసానికి ఉక్కుకి మధ్య. మెత్తన కాబట్టి పాత గొట్టాలకి కూడా ఉక్కులా హాని చేయదు. కెంట్, బాస్ లాంటి కంపెనీలు 16కి బిస్మత్ చేస్తున్నాయి. ఒక్కో షెల్ 2 డాలర్ల దాకా పడుతుంది, కానీ రోజుకి ఎన్ని పేలుస్తాం, పది కూడా పేల్చం. పోయిన అక్టోబరు చివర్లో పడమటి మిన్నెసోటాలో ఒక చిన్న మడుగు దగ్గర, తుంగలో కూర్చుని, ఏ5లో 5 నంబరు బిస్మత్ ఒక ఔన్సు వేసి ఎదురుచూస్తున్నాం. గాలికి ఎదురుగా రెక్కలు వంచి దిగుతున్న మగ మల్లార్డ్ బాతు, ముప్పై గజాలు ఉంటుందేమో, ఒక్క షెల్‌కి ముద్దలా పడింది, నీళ్ళల్లో తల కూడా ఎత్తలేదు. మా లాబ్రడార్ చిట్టి ఈదుకుంటూ వెళ్ళి తెచ్చింది. ఉక్కుతో అయితే నేను ముప్పై గజాలకి మించి పేల్చను, బిస్మత్‌తో ముప్పై ఐదు. దెబ్బ తిని ఎగిరిపోయే పక్షి నాకు నిద్ర పట్టనివ్వదు.

పై మాటలు ఊహించి చెప్పడం లేదు, కాగితం మీద చూసుకున్నాను. మీరూ చూసుకోండి. పెద్ద కాగితం నిలబెట్టి, 40 గజాల నుంచి పేల్చి, ఎక్కువ చిల్లులున్న చోట 30 అంగుళాల వలయం గీసి లెక్కపెట్టడం. ఫుల్ చోక్‌కి వంద పెల్లెట్లలో 70, మాడిఫైడ్‌కి 60, ఇంప్రూవ్డ్ సిలిండర్‌కి 50 వలయంలో పడాలని లెక్క. ఒక ఔన్సు 6 నంబరు సీసంలో 225 పెల్లెట్లుంటాయి. నా ఇథాకా వలయంలో 141 పెట్టింది, మాడిఫైడ్ లెక్క కంటే కొంచెం పైనే. మా అమ్మాయి ఎర్ర స్కెచ్ పెన్నుతో ఒక్కో చిల్లుకీ సున్నా చుట్టి లెక్కపెట్టింది, రెండోసారి కూడా అంతే వచ్చింది. అంతకంటే నాకు నచ్చింది, పక్షి దూరిపోయేంత ఖాళీలు ఎక్కడా లేవు. గొట్టం వెడల్పుకీ పెల్లెట్ల దొంతర ఎత్తుకీ సరిగ్గా పొత్తు కుదరడం వల్ల ఒక ఔన్సు 16లో ఇలా సమంగా పరుచుకుంటుందని పాతవాళ్ళు చెప్తారు.

రూల్స్ గురించి రెండు ముక్కలు, ఇవి తుపాకీ ఎంపికనే మార్చేస్తాయి. వలస పక్షులకి, అంటే బాతులు, వుడ్‌కాక్ లాంటివాటికి, తుపాకీలో మొత్తం మూడు షెల్స్‌కి మించి పట్టకూడదు, పంప్‌లోనూ సెమీ ఆటోలోనూ మ్యాగజైన్‌లో ప్లగ్ అనే అడ్డుముక్క పెట్టి ఉంచాలి. పాత మోడల్ కొంటే ప్లగ్ ఉందో లేదో చూసుకోండి, చాలావాటిలో ఎవరో తీసేసి పారేసి ఉంటారు. బాతులకి 16 ఏళ్ళు నిండిన ప్రతివాళ్ళూ 25 డాలర్ల ఫెడరల్ డక్ స్టాంప్ కొనాలి. ఫెడరల్ వాటర్‌ఫౌల్ ప్రొడక్షన్ ఏరియాల్లో, అంటే నీటిపక్షుల కోసం కేంద్రప్రభుత్వం ఉంచిన నేలల్లో, ఫెజెంట్లని కొట్టేటప్పుడు కూడా సీసం నిషిద్ధం. మా వైపు మంచి ఫెజెంట్ నేల చాలావరకు అదే. కాబట్టి ఉక్కు వాడకూడని పాత గొట్టం కొంటే బిస్మత్ ఖర్చు కూడా కలిపి లెక్క వేసుకోండి. హెచ్-1బి, ఎఫ్-1 లాంటి వీసాల మీద ఉన్న మనవాళ్ళకి తుపాకీ దగ్గర ఉంచుకోవడం మామూలుగా చట్టవిరుద్ధం. గడువులో ఉన్న ఇక్కడి హంటింగ్ లైసెన్స్ ఉంటే దానికి మినహాయింపు ఉంది, లైసెన్స్ గడువు తీరితే ఆ ఆధారం పోతుంది. గ్రీన్ కార్డు రాకముందు కొనాలనుకుంటే ముందు ఇమిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడండి, తర్వాతే షాపుకి వెళ్ళండి.

ఒక్కటే కొనగలను, ఫెజెంట్లకీ బాతులకీ రెండిటికీ అదే కావాలి, డబ్బుకి ఇబ్బంది లేదు అంటే కొత్త ఏ5 స్వీట్ సిక్స్‌టీన్. ఆరేడు వందల్లో అయిపోవాలంటే యుద్ధం తర్వాతి ఇథాకా 37, ఛాంబర్ కొలిపించి. మోడల్ 12 మంచిది దొరికితే అది కూడా వదలకండి, ముఖ్యంగా మీ చేతులు పొడుగైతే. జంట గొట్టాలే కావాలనే పట్టుదల ఉంటే తొందరపడకుండా స్టెర్లింగ్‌వర్త్ కోసం దాచుకోండి, నేనూ అదే పని మీద ఉన్నాను. ఈ ఏడాది ఒక కేసు 6 నంబరు సీసం, అర కేసు బిస్మత్ ఇప్పటికే గరాజ్‌లోకి చేరాయి. గ్రౌస్ సీజన్ మొదలయ్యే వారం ఇథాకా, బాతులు దిగాక ఏ5, డకోటా ప్రయాణానికి మళ్ళీ ఇథాకా. హుక్కు తూకానికి బ్యాటరీ మార్చాలి, వచ్చే నెల గన్ షో ఉంది.